బండికి తలంటు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను ఇరకాటంలో పెట్టింది. రాసినావిడ తన పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యను. ఊరిపేరు కూడా చెప్పను. చెబితే ఆ వీధివాళ్ళు మోటారు సైకిలును బట్టి మనిషిని పోల్చేస్తారు. సంగతేమంటే, వారి శ్రీవారు ఆదివారం తెల్లవారగానే పాత లుంగీ బిగించి మోటారు సైకిలు ముందు బైఠాయిస్తారట. ట్యాంకు తుడిచి, అందులో తన ముఖం చూసుకుని, మళ్ళీ తుడుస్తారట. కాఫీ అక్కడికే వెళ్ళాలి. మధ్యాహ్నం వడ్డించి కేకలేసినా లేవరట. ‘పెళ్ళయిన పదకొండేళ్ళలో నా నెత్తిన చుక్క చమురు పెట్టిన పాపాన పోలేదు. దానికి మాత్రం వారం వారం తలంటు! యీ పిచ్చి కుదిరే ఉపాయం చెప్పండి’ అని ఆవిడ అడిగారు.

అమ్మా, తగవు తీర్చమని మీరు వచ్చింది దొంగ దగ్గరికే. నేనూ ఆ తాను ముక్కనే. అయినా ధర్మం ధర్మమే గనుక చెబుతున్నాను. మోటారు సైకిలు కడగడం పిచ్చి అనడానికి వీల్లేదు. ట్యాంకులో ముఖం చూసుకోవడాన్ని కడగడమనడానికీ వీల్లేదు. వారం రోజుల దుమ్ము కింద యే నట్టు వదులైందో, యే తీగ తెగడానికి సిద్ధంగా వుందో, యెక్కడ చమురు చెమర్చిందో ముందుగా తెలిసేది గుడ్డ పట్టుకున్న చేతికే. ఆ చెయ్యి కనిపెట్టకపోతే రోడ్డు కనిపెడుతుంది. రోడ్డు మర్యాదగా చెప్పదు.

ఈ మాట పుస్తకాలు చదివి చెప్పడం లేదు. పాతికేళ్ళ కిందట మా యింట్లోనే జరిగింది.

దసరా ముందురోజు. నేను బండి వెనక చక్రం స్పోకులు తళతళలాడించాలని సంకల్పించాను. ఎడమవైపు శారీ గార్డు చేతికి అడ్డం వస్తోంది. తెలియనివారికి చెబుతాను: వెనక కూర్చున్న ఆడవారి చీర కొంగు చక్రంలో పడకుండా పక్కన బిగించే కమ్మీల చట్రం అది. నాలుగు బోల్టులు విప్పి దాన్ని గోడకు చేరవేశాను. బోల్టులు పోతాయేమోనన్న అతిజాగ్రత్తతో తీసుకెళ్ళి పూజగదిలో గూట్లో పెట్టాను. చక్రం అద్భుతంగా తోమాను. ఇంతలో భోజనానికి పిలుపు వచ్చింది, ఆపైన వాన, ఆపైన కునుకు. సాయంత్రం మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, ‘మా చెల్లెలింటికి పేరంటానికి దింపండి’ అన్నది. బండి మిలమిల మెరుస్తోంది. నేనూ మెరుస్తూ బయల్దేరాను.

కాలవ వంతెన దాటి బజారు మలుపు తిరుగుతుండగా వెనకనుంచి ‘ఏమండీ’ అన్న కేక, దానితోపాటే బండిని యెవరో వెనక్కు పట్టి లాగినట్టు ఒక గుంజు. మలుపు గనుక మెల్లగా పోతున్నాం. అదే మా అదృష్టం. కొంగు చక్రంలో చుట్టుకుని మూరెడు చిరిగి, ఆవిణ్ణి కిందికి లాగేసింది. మోచేయి దోక్కుపోయింది. మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. మెడకు చుట్టుకుని వున్న కొంగయితే యేమయ్యేదో తలుచుకోవడానికి నాకు యిప్పటికీ ధైర్యం చాలదు.

ఆసుపత్రినుంచి వచ్చాక ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్న దేవుడి దీపం ఎడమచేత్తోనే వెలిగించి, వచ్చి నా ముందు నాలుగు బోల్టులు పెట్టింది. ‘దేవుడి గూట్లో వున్నాయి. వీటి చోటు అదేనా?’ అని మాత్రం అడిగింది.

ఆనాటినుంచి మా యింట్లో ఒక నియమం. విప్పినవి లెక్కపెట్టి విప్పాలి. బిగించేటప్పుడు లెక్క సరిపోయాకే కడగడం అయినట్టు. ఆ తరవాత కూడా ఆవిడ వచ్చి శారీ గార్డు పట్టుకుని ఊపి చూసి ‘సరే’ అంటేనే బండి గడప దాటుతుంది. ఇది మా యింటి చాదస్తమని అనుకోకండి. వెనక మనిషి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆసరా, వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ వుండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతూనే వుంది. కొత్త బండి కొన్నవెంటనే అందానికి అడ్డమని యీ గార్డు ఊడబీకించే కుర్రవాళ్ళు వున్నారు. వాళ్ళ వెనక కూర్చునే అక్కలకూ అమ్మలకూ చున్నీలూ కొంగులూ వుంటాయని వారికి యెవరు చెబుతారు?

సరే, ఇక తలంటు విధానానికి వద్దాం.

పొద్దున్నే, నీడలో, బండి చల్లారి వున్నప్పుడు మొదలుపెట్టాలి. ఊరంతా తిరిగొచ్చి కాలిపోతున్న ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించకూడదు. వేడి లోహం ఒక్కసారిగా ముడుచుకోవడం దానికి మంచిది కాదు; సబ్బునీరు యెక్కడికక్కడ ఎండిపోయి మరకలు పడతాయి. చెయ్యి కాలే సంగతి సరేసరి. నీళ్ళు బోలెడు కావాలని భయపడకండి. ఎండాకాలంలో కూడా రెండు బకెట్లతో పని జరుగుతుంది. ఒకదానిలో సబ్బునీళ్ళు, రెండోదానిలో మంచినీళ్ళు. గుడ్డను మంచినీళ్ళలో జాడించి, పిండి, ఆ తరవాతే సబ్బునీళ్ళలో ముంచాలి. అలా చెయ్యకపోతే గుడ్డకు అంటిన ఇసక మళ్ళీ ట్యాంకు మీదికే వెళ్ళి గీతలు గీస్తుంది.

సబ్బు అన్నాను గదా అని వంటింట్లోకి దారితీయకండి. బట్టల పొడి, అంట్లు తోమే ద్రవం రంగు మీది మైనపు పూతను లాగేస్తాయి. బండికని అమ్మే షాంపూ మూతెడు చాలు. మా అమ్మ ఒకసారి, నేను ఊళ్ళో లేనప్పుడు, ‘పాపం బిడ్డకు యెప్పుడు తీరుతుందో’ అని జాలిపడి నా బండి ట్యాంకును కొబ్బరిపీచు, బూడిద పెట్టి బిందె తోమినట్టు తోమింది. నేను వచ్చి చూస్తే ట్యాంకు మీద చుక్కల ముగ్గు. ఆవిడ మాత్రం ‘జిడ్డంతా యెలా వదిలిందో చూడు’ అని మురిసిపోతోంది. వదిలింది జిడ్డు ఒక్కటే కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇత్తడికి పనికొచ్చే చింతపండు కూడా బండికి పనికిరాదు. ఆ పులుపు నికెలు, క్రోమియం పూతలకు పడదు. కాకిరెట్ట పడితే గోటితో గీకవద్దు. తడిగుడ్డ అయిదు నిమిషాలు వేసి వుంచితే నాని తనంత తానే వస్తుంది. ఆలస్యం చేస్తే మాత్రం దానిలోని ఆమ్లం రంగును తినేస్తుంది.

నీళ్ళు పొయ్యడానికి ముందు మూడు పనులు. తాళంచెవి తీసేయాలి. సైలెన్సరు మూతికి ఒక ప్లాస్టిక్ సంచీ కట్టాలి. తరవాత విప్పడం మరిచిపోకూడదు. మూడోది, సీటు ఎత్తి కింద చూడాలి. నవ్వకండి. నాలుగు రోజులు కదలని బండిలో ఎలుక కాపురం పెట్టడం యెంతసేపు? దానికి కావలసిన పీచూ గుడ్డముక్కా మన యింట్లోనే దొరుకుతాయి, కొరకడానికి వైర్లు అక్కడే వున్నాయి. ఒక వైరు పైతొడుగు పోయి రాగి కనిపిస్తే, నీళ్ళు పొయ్యకుండా ముందు దాన్ని బాగుచేయించాలి.

నీళ్ళు చెంబుతో పోసినా, గొట్టంతో పోసినా ధార మెత్తగా వుండాలి. సర్వీసింగు షెడ్లలో పంపు పెట్టి కొట్టే ధార చూడటానికి వైభవంగా వుంటుంది, బురద దూదిలా ఎగిరిపోతుంది. కానీ ఆ వేగానికి చక్రాల బేరింగుల్లోనూ, హ్యాండిలు మెడలోనూ వుండే గ్రీజులోకి నీరు జొరబడుతుంది. వైర్ల జాయింట్లలో చేరి వాన లేకపోయినా బండి మొరాయిస్తుంది. షెడ్డుకే ఇవ్వవలసివస్తే, చక్రాల నడిమి భాగానికీ, మీటర్లకూ, చెయినుకూ దగ్గరగా పంపు పెట్టవద్దని ముందే చెప్పండి. చెప్పి అక్కడే నిలబడండి.

తలంటు అన్నాం గనుక నెత్తినుంచే మొదలు. ముందు ట్యాంకు, దీపం, సీటు, పక్క డబ్బాలు, ఆ తరవాత ఇంజను, ఆఖరున చక్రాలు. పైగుడ్డ వేరు, కింది గుడ్డ వేరు. పాత బనీను పైకి శ్రేష్ఠం, గుండీలు లేకుండా చూసుకోండి. ఇంజను చుట్టూ రెక్కల్లాగా వుండే అరల మధ్య బురద గట్టిపడితే గాలి ఆడదు, ఇంజను వేడెక్కిపోతుంది. పాత పళ్ళబ్రష్షుతో ఒక్కొక్క అరా శుభ్రం చేయాలి. విసుగుపడే పని. ఆ విసుగులోనే అసలు లాభం వుంది. చెయ్యి మెల్లగా పోతుంది గనుక కన్ను చూస్తుంది.

ఏం చూడాలి?

పెట్రోలు మూత తెరిస్తే చుట్టూ గుంటలో, చాలా బళ్ళకు, ఒక సన్నని రంధ్రం వుంటుంది. మూత మీద పడిన నీరు కిందికి పోయే తూము అది. దుమ్ముతో మూసుకుపోతే నీరు అక్కడే నిలిచి, మూత తీసినప్పుడు ట్యాంకులోకి దిగుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. అది నీటిని తనలోకి లాక్కుంటుంది. నీరు మితిమీరితే రెండూ కలిసి పెట్రోలునుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. ఇంజనుకు ముందుగా అందేది ఆ అడుగు సరుకే. పొద్దున్న బండి యెందుకు కదలదో అంతుబట్టక తన్ని తన్ని మోకాళ్ళు నొప్పిపెట్టినవారిలో, ఆ రంధ్రంలో ఒక ఈనెపుల్ల ఆడించి వుంటే బతికిపోయేవారు కొందరు వుంటారు.

హ్యాండిలు దగ్గర క్లచ్చు, బ్రేకు తీగలు పట్టుకుని చూడండి. అవి సాధారణంగా మీట దగ్గర మలుపులోనే మొదట తెగడం మొదలుపెడతాయి. ఒక్క పోగు తెగి పైకి లేచి కనిపించినా ‘ఇంకా పది పోగులున్నాయి గదా’ అని తాత్సారం చెయ్యవద్దు. మిగిలిన పోగులు ఆ ఒక్కదాని బరువు కూడా మోస్తున్నాయి. తీగ ఖరీదు తక్కువ.

ఇంజను తుడిచాక కింద ఒక పాత కాగితం పరిచి వుంచితే మర్నాడు పొద్దున అది మీతో మాట్లాడుతుంది. చమురు చుక్క పడితే యెక్కడినుంచో చూడాలి. మురికి ఇంజనులో యీ సంగతి తెలియదు. శుభ్రంగా వున్నదాని మీదే కొత్త చెమ్మ కనిపిస్తుంది. చమురు మట్టం చూసేటప్పుడు బండి నిటారుగా వుండాలి. పక్క స్టాండు మీద వాలిన బండి చెప్పే లెక్క తప్పుడు లెక్క.

స్పోకుల చక్రమైతే స్క్రూడ్రైవరు పిడితో ఒక్కొక్క స్పోకునూ తట్టండి. బిగువుగా వున్నది ‘టింగు’మంటుంది. వదులైనది ‘టప్’మంటుంది. వీణ శ్రుతి చూసినట్టే. పిల్లల్ని కూర్చోబెడితే యీ పని వాళ్ళే సరదాగా చేస్తారు. టైరు గాడుల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేయండి. మేకు వుంటే అప్పుడే బయటపడుతుంది. గాడుల మధ్య అక్కడక్కడ చిన్న దిమ్మెలు వుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టు. పక్కన ముద్రించిన నాలుగు అంకెలు దాని జాతకం. 2319 అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని. గాలి పొద్దున్నే, టైరు చల్లగా వున్నప్పుడు కొట్టించాలి. ఎంత అన్నది బండితో యిచ్చిన పుస్తకంలో వుంటుంది. ఒక్కరికి ఒక లెక్క, వెనక మనిషి వుంటే వెనక టైరుకు మరో లెక్క.

ఇక చెయిను. ఇక్కడ నా మాట జాగ్రత్తగా వినండి. బండిని నడిమి స్టాండు మీద నిలిపి, ఇంజను స్టార్టు చేసి, గేరులో వేసి, తిరుగుతున్న చెయినుకు గుడ్డ పట్టేవారున్నారు. పని నిమిషంలో అయిపోతుందని వారి వాదం. నిజమే, నిమిషం కూడా పట్టదు. గుడ్డ కొస చెయినుకూ పళ్ళచక్రానికీ మధ్య చిక్కుకుంటే, దాని వెంట వేళ్ళు వెళతాయి. ఆ పళ్ళకు గుడ్డకూ వేలికీ తేడా తెలియదు. ఇంజను ఆపాలి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి, బండిని న్యూట్రల్‌లో వుంచి, చక్రాన్ని ఒక చేత్తో మెల్లగా తిప్పుతూ రెండో చేత్తో తుడవాలి. తుడిచే చెయ్యి పళ్ళచక్రానికి దూరంగా, కింది వరస మధ్యలో వుండాలి. పిల్లలు దగ్గరికి రాకూడదు. స్పోకుల సంగీతం వేరు, ఇది వేరు.

చెయిను జిడ్డు వదలడానికి కిరసనాయిలు మంచిది. అది దొరకడం గగనమైతే చెయిను కోసమే అమ్మే ద్రవం డబ్బాల్లో వస్తుంది. మెత్తని బ్రష్షుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గేరు ఆయిలు గానీ చెయిను స్ప్రే గానీ లోపలి వరసకు పట్టించి, పైన మిగిలింది తుడిచేయాలి. కారేటంత చమురు పోస్తే దుమ్ముకు విందు పిలిచినట్టే. ఇంచుమించు 500 కిలోమీటర్లకు ఒకసారి, వానల్లో ఇంకా ముందే చేస్తే చెయిను చాలాకాలం కాపురం చేస్తుంది. కింది వరసను మధ్యలో వేలితో ఎత్తి దించి చూస్తే, చాలా బళ్ళకు అంగుళం అటూ యిటుగా ఆడాలి. సరైన లెక్క మీ పుస్తకంలో చూడండి. మరీ బిగువైతే బేరింగులు తింటుంది, మరీ వదులైతే పళ్ళమీదినుంచి జారుతుంది.

బ్రేకుల దగ్గర ఒకే సూత్రం: మెరుపు అక్కర్లేదు. డిస్కు మీద గానీ, డ్రమ్ము లోపల గానీ చుక్క చమురు, పాలిషు, గ్రీజు పడకూడదు. పడితే బ్రేకు నొక్కినప్పుడు బండి ఆగదు. చెయినుకు స్ప్రే కొట్టేటప్పుడు వెనక అట్టముక్క అడ్డం పెట్టుకోవడం అందుకే. ప్యాడ్లు చమురు పీల్చాయా, తుడిచి లాభం లేదు, మార్చవలసిందే. డ్రమ్ము లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు. ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తియ్యండి. అలాగే పాలిషు ఉత్సాహంలో సీటుకూ, టైరు నేలకు తగిలే భాగానికీ, కాలు పెట్టే రబ్బర్లకూ రాసేవారు వున్నారు. సీటు మీదినుంచి జారిన మనిషికి అద్దంలాంటి సీటు అందమేమీ కనపడదు.

కడగడం పూర్తయ్యాక పొడిగుడ్డతో తుడిచి, సైలెన్సరు సంచీ విప్పి, ఇంజను అయిదు నిమిషాలు ఆడించండి. వాకిట్లోనే మెల్లగా నడుపుతూ రెండు బ్రేకులూ నాలుగైదుసార్లు నొక్కండి. తడి బ్రేకు మొదటి నొక్కుకు సరిగా పట్టదు. ఆ సంగతి వాకిట్లో తెలియాలి గానీ బజారు మలుపులో తెలియకూడదు. ముందు దీపం, వెనక ఎర్రదీపం, హారను చూసుకుని, విప్పిన బోల్టుల లెక్క అప్పజెప్పండి.

పెద్దల దగ్గర నేర్చుకున్న విద్య యిది అని కొందరు నాతో వాదిస్తారు. పెద్దల విద్య గొప్పదే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు బుల్లెట్ల తయారీకి అంకురార్పణ జరిగింది. 1960లలో మైసూరు జావాలు, ఆ వెనక రాజ్‌దూత్‌లు వీధుల్లోకి వచ్చాయి. వాటిలో చాలామటుకు పెట్రోలులో చమురు కలిపి పోసే టూస్ట్రోకు బళ్ళు. సైలెన్సరులో మసి పేరుకుంటే, లోపలి గొట్టం ఊడదీసి నిప్పుల్లో కాల్చి, దులిపి బిగించడం ఆ రోజుల్లో ఘనమైన విద్య. ఇప్పటి బండి సైలెన్సరులో పొగను శుద్ధిచేసే సున్నితమైన పదార్థం వుంటుంది. 2020 ఏప్రిల్‌నుంచి అమలైన బీయస్ 6 నిబంధనల తరవాత బళ్ళలో అది మరీ ముఖ్యం. దాన్ని కాల్చారంటే కొత్తది కొనుక్కోవడమే. పాత చెయినును ఇనుపబ్రష్షు పెట్టి, పెట్రోలులో కడిగి మెరిపించేవారు. ఇప్పుడు కొన్ని బళ్ళ చెయినులకు లింకు లింకుకూ మధ్య సన్నని రబ్బరు వలయాలుంటాయి. పెట్రోలు, ఇనుపబ్రష్షు వాటిని చంపేస్తాయి. పెద్దల ఓపిక తీసుకుందాం, పనిముట్లు మార్చుకుందాం.

ఊరిని బట్టి కూడా సేవ మారుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పుగాలి క్రోమియం మీదా స్పోకుల మీదా ముందు చేరుతుంది. అక్కడ సబ్బు లేకపోయినా సరే, తరచుగా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. కొత్తగూడెం, రామగుండం బొగ్గు ధూళిని పొడిగుడ్డతో తుడిస్తే గరుకుకాగితంతో రుద్దినట్టే. నీళ్ళు పోసి జారవిడవాలి. డెల్టా బంకమట్టి మడ్‌గార్డు అడుగున పట్టుకుని తడి నిలవేసి, పైకి కనిపించకుండా తుప్పు పట్టిస్తుంది. రాయలసీమ దుమ్ములో గాలి వడకట్టే ఫిల్టరును పుస్తకంలో చెప్పిన గడువుకన్నా ముందే చూసుకోవాలి.

దసరా మాట యెత్తకుండా యీ వ్యాసం ముగియదు. ఆయుధపూజనాడు బండికి పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మన ఆచారం. తప్పకుండా చెయ్యండి. అయితే కుంకుమ దీపం అద్దం మీదా మీటరు మీదా పడకుండా పెట్టండి. కర్పూర హారతి ట్యాంకుకు దూరంనుంచే చూపండి, పెట్రోలు మూత బిగించి వుందో లేదో చూసుకుని మరీ. చక్రాలకు, హ్యాండిలు మలుపుకు అందే దండలు బండి కదలకముందే తీసి పక్కన పెట్టండి. అమ్మవారు ఏమీ అనుకోదు. చెయిను దండను లాక్కోవడం యేమిటో కొంగును లాక్కోవడం చూసినవాణ్ణి చెబుతున్నాను.

ఇక ఉత్తరం రాసిన సోదరికి నా తీర్పు. మీవారిని లేపవద్దు. మీరే వెళ్ళి పక్కన ఒక పీట వేసుకుని కూర్చోండి. ఆయన ట్యాంకు తుడవడం రెండోసారి మొదలుపెట్టగానే, ‘బ్రేకు తీగ చూశారా? చెయిను యెంత ఆడుతోంది? టైరు పుట్టిన యేడు యెంత?’ అని అడగండి. రెండు ఆదివారాల్లో ముఖం చూసుకోవడం మానేస్తారు, లేదా తొందరగా ముగించి భోజనానికి వస్తారు. రెండిట్లో యేదైనా మీకు లాభమే. చివరికి శారీ గార్డు మాత్రం మీరే పట్టుకుని ఊపి చూడండి. అది బిగించవలసింది ఆయనే అయినా, దాని వెనక కూర్చునేది మీరు.

తలకు చమురు సంగతంటారా, అందుకు నా దగ్గర మందు లేదు. గేరు ఆయిలు చేతులతో మాత్రం ఒప్పుకోకండి.